ఎవరు చేశారో చెప్పని క్రియలు

సందేహం: మా కాలనీ సంఘం తరఫున పత్రికలకు ప్రకటనలు నేనే రాస్తుంటాను. ‘చర్యలు తీసుకోబడతాయి’ అన్నది తెలుగు కాదని, ‘చర్యలు తీసుకోవడం జరుగుతుంది’ అని ఉండాలని ఒకరు దిద్దారు. ఏది సరి? అలాగే అధికారిక ప్రకటనల చివర ‘అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అంటారు కదా, అది క్షమాపణ కిందికి వస్తుందా?

సమాధానం: దిద్దినవారి ఉద్దేశం మంచిదే గాని, ఆ దిద్దుబాటుతో వాక్యం బాగుపడలేదు. ‘తీసుకోబడతాయి’లో తీసుకునేదెవరో లేదు. ‘తీసుకోవడం జరుగుతుంది’లోనూ లేదు, పైగా ఒక మాట పెరిగింది. ‘కార్యదర్శి సోమవారంలోగా నోటీసు ఇస్తారు’ అని రాయండి. చేసేవారు, పని, గడువు మూడూ వచ్చేశాయి. ‘చర్యలు’ అన్న మాటే అక్కర్లేకపోయింది, గమనించారా? కర్త పేరు పెట్టగానే ఆ చర్య ఏమిటో కూడా చెప్పక తప్పదు.

అలాగని ‘-బడు’ కనిపించిన ప్రతిచోటా కొట్టేయకండి. కనబడు, నిలబడు, లోబడు, పట్టుబడు వంటివి కర్మణి ప్రయోగాలు (‘చేయబడింది’ తరహావి) కావు, అచ్చమైన వాడుక మాటలు. కర్మణి ప్రయోగం కూడా నిన్న మొన్న పుట్టింది కాదు, చిన్నయసూరి బాలవ్యాకరణంలో దానికి చోటుంది. మాట్లాడేటప్పుడు మాత్రం దాని అవసరం మనకు దాదాపు రాదు. కర్త తెలియకపోయినా, చెప్పనక్కర్లేకపోయినా ‘గేటు మూసేశారు’ అంటాం. ఆ ‘-ఆరు’ మూసింది మనుషులేనని చెబుతుంది, వాళ్లెవరన్నది వదిలేస్తుంది.

ఈ సౌకర్యంలో ఒక ఉచ్చు ఉంది. ‘అధికారులు గ్రామస్థులతో మాట్లాడారు. తర్వాత గుడిసెలు తొలగించారు.’ తొలగించింది అధికారులా, గ్రామస్థులే ఒప్పుకుని తొలగించారా? రెండు అర్థాలకూ క్రియారూపం ఒకటే. వివాదం ఉన్న విషయంలో ప్రతి వాక్యానికీ కర్తను మళ్లీ రాయండి. చదవడానికి కాస్త మొరటుగా ఉన్నా ఫరవాలేదు.

మీరు అడగలేదు గాని, అసలు చిక్కు ‘-బడు’లో కన్నా మన జంట క్రియల్లో ఎక్కువగా ఉంది. కూలు–కూల్చు, ఆగు–ఆపు, పెరుగు–పెంచు, కాలు–కాల్చు, తెగు–తెంచు, మునుగు–ముంచు. ప్రతి జంటలో మొదటిది అకర్మకం, దానంతటదే జరిగే పని. రెండోది సకర్మకం, ఒకరు చేస్తేనే అయ్యే పని. ‘ఛార్జీలు పెరిగాయి’ అంటే ఎండ పెరిగినట్టు పెరిగాయి. ‘ఛార్జీలు పెంచారు’ అంటే ఎవరో సంతకం పెట్టారు. ‘పింఛన్లు ఆగిపోయాయి’, ‘జాబితాలో పేర్లు పోయాయి’, ‘నాణ్యత లోపించింది’ చూడండి. అన్నీ చక్కటి తెలుగు వాక్యాలు, వ్యాకరణ దోషం ఒక్కటీ దొరకదు. ‘-బడు’ చెవికి గుచ్చుకుంటుంది కాబట్టి పట్టుకుంటాం, ఇవి గుచ్చుకోవు. ప్రకటన చదివేటప్పుడు నేను ముందు వెతికేది వీటినే.

దీనికి రెండో వైపూ ఉంది, అదీ అంతే ముఖ్యం. గాలివానకు చెట్టు కూలితే ‘కూలింది’ అనే రాయాలి. కొత్తగా కట్టిన గోడ కూలింది, నాసిరకం పనేమోనని మీ అనుమానం, చేతిలో ఆధారం లేదు. అప్పుడు ‘గోడ కూలింది. అది కట్టి పూర్తి చేసింది ఫలానా నెలలో. కూలడానికి కారణం ఇంకా తేలలేదు’ అని, తెలిసినంత వరకే రాయండి. కోపం కొద్దీ సకర్మక క్రియ వాడితే మీదీ అబద్ధమే అవుతుంది. కేసు నడుస్తున్న మనిషి నిందితుడు, కోర్టు తేల్చాకే దోషి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఇలాంటి ప్రకటనల అచ్చులోనే ఒకటి రాసి చూపిస్తాను: ‘పైపులైను పనుల నేపథ్యంలో నీటి సరఫరాలో అంతరాయం ఏర్పడటం జరిగింది. సమస్యను త్వరితగతిన పరిష్కరించడం జరుగుతుంది. అసౌకర్యానికి చింతిస్తున్నాం.’

పద్నాలుగు మాటలు. ఒక్క తేదీ లేదు, ఒక్క గంట లేదు. ‘నేపథ్యంలో’ తీసేసి ‘వల్ల’, ‘కోసం’, ‘తర్వాత’ ఒక్కొక్కటీ పెట్టి చదవండి. అర్థం మూడు రకాలుగా మారుతుంది. కారణం తేల్చి చెప్పకుండానే చెప్పినట్టు అనిపించాలంటే ఆ మాట బాగా పనికొస్తుంది, వార్తల్లోనూ అందుకే ఇంతగా పాకింది. క్రియల చివరలు చూడండి. అంతరాయం ‘జరిగింది’, పరిష్కారం ‘జరుగుతుంది’, చివరికి ‘చింతిస్తున్నాం’. మూడింట్లో మనుషులు కనిపించేది ఆఖరిదాంట్లోనే. నీళ్లు ఆపినప్పుడు లేని ‘మేము’ బాధపడేటప్పుడు మాత్రం వచ్చింది. పక్కింటివారికి కష్టం వచ్చినా చింతిస్తాం. చింతించడానికి తప్పు మనది కానక్కర్లేదు. కాబట్టి అది విచారమే గాని క్షమాపణ కాదు.

ప్రభుత్వ సంస్థ ఇలా రాస్తే కర్తను అడిగి తెలుసుకునే దారి ఉంది. నిర్ణయం ఎవరిమీద ప్రభావం చూపుతుందో వాళ్లకు కారణాలు చెప్పాలని సమాచార హక్కు చట్టం (2005) సెక్షన్ 4 అంటుంది. దరఖాస్తులో ‘నీళ్లు ఎందుకు రాలేదు?’ అని అడిగితే మళ్లీ ‘అంతరాయం’ అనే జవాబొస్తుంది. ‘సరఫరా ఆపమన్న ఉత్తర్వు నకలు, దాని తేదీ, సంతకం చేసిన అధికారి హోదా’ అని అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

మీ సంఘం ప్రకటనకైతే పద్ధతి ఇది. రాశాక క్రియలన్నిటి కింద గీత గీయండి. ఒక్కోదాన్నీ ‘ఎవరు?’ అని అడగండి. జవాబు తెలిసి కూడా వాక్యంలో లేకపోతే చేర్చండి, తెలియకపోతే తెలియదనే రాయండి. తర్వాత ‘త్వరలో’, ‘తగిన’, ‘కొంతమేర’ వంటి మాటల దగ్గర తేదీ, పని, అంకె పెట్టండి. పై ప్రకటనను అలా దిద్దితే ఇలా వస్తుంది:

‘ప్రధాన పైపు మార్చడానికి మంగళవారం ఉదయం 6 గంటలకు నీళ్లు ఆపాం. బుధవారం సాయంత్రం 5 గంటలకు వదులుతాం. ముందురోజే మీకు చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు మాదే, క్షమించండి.’