కాన్సాస్ సిటీలో ఉండి మేరీవిల్‌లో చదవొచ్చా? ఆ ఊరు ఎలా ఉంటుంది?

మీ తమ్ముడికి మేరీవిల్‌లో ఎంఎస్ సీటు వచ్చిందని, మ్యాప్‌లో కాన్సాస్ సిటీ దగ్గరే కనిపిస్తోంది కాబట్టి అక్కడ ఉండి రోజూ వెళ్ళి రావచ్చా అని అడిగారు. కుదరదండీ. ఆ 'దగ్గర' 90 మైళ్ళ పైమాటే. నేనూ అదే లెక్క వేసుకుని వెళ్ళి, రెండేళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నాను.

మేరీవిల్ మిస్సోరి రాష్ట్రానికి వాయవ్య మూల. ఇంకో పదిహేను, ఇరవై మైళ్ళు పైకి పోతే అయోవా రాష్ట్రం వచ్చేస్తుంది. కాన్సాస్ సిటీ నుంచి వస్తూ సెయింట్ జోసెఫ్ ఊరు దాటాక హైవే 71 పట్టుకుంటే రెండు పక్కలా మొక్కజొన్న, సోయా. నేల బల్లపరుపు అనుకున్నాను గానీ కాదు, దుప్పటి మడతల్లా ఎత్తుపల్లాలు. మంచుయుగంలో హిమానీనదాలు తెచ్చి పోసిన మట్టి అది. సైకిల్ కొన్నాక కాళ్ళకి బాగా తెలిసింది.

ఈ ప్రాంతం మొదట్లో మిస్సోరిలో లేదు. అక్కడి ఆదివాసులైన అయోవే, సాక్, ఫాక్స్ తెగలతో 1836లో ఒప్పందం రాయించుకుని తెల్లవాళ్ళు కలిపేసుకున్నారు. 1845లో ఊరు పెట్టి, కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్కు భార్య మేరీ గ్రాహమ్ పేరు పెట్టారు. 2020 లెక్కల్లో జనాభా 10,600 చిల్లర. 1905లో టీచర్ల కాలేజీగా మొదలైన యూనివర్సిటీ, కవాసాకి ఇంజన్ల ఫ్యాక్టరీ, వ్యవసాయం, వీటి మీదే ఊరు నడుస్తుంది. అన్నట్టు, వ్యక్తిత్వ వికాస పుస్తకాల రచయిత డేల్ కార్నెగీ 1888లో పుట్టింది ఇక్కడే. కార్నెగీ వాళ్ళ పంటల్ని ముంచిన ఏరు ఊరి పక్కనే ఉంది, పేరు 'నూట రెండు'. ఏరుకి అంకె పేరేమిటి అంటే తలా ఒక కథ చెప్తారు.

నేను దిగింది జనవరిలో. క్యాంపస్ ఒక కొస, వాల్‌మార్ట్ ఇంకో కొస. మామూలు బూట్లతో నడిచి వెళ్ళి, తిరుగు దారిలో ఐస్ మీద జారి పడ్డాను. డజను గుడ్లలో మిగిలినవి మూడు. వెనకే వస్తున్న పికప్ ఆపి ఓ పెద్దాయన ఎక్కించుకున్నాడు. మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే, వ్యవసాయం, మా నిర్మల్ వైపు సోయా వేస్తాం అన్నాను. బండి స్లో చేసి మరీ నా వైపు తిరిగాడు. "ఎన్ని ఎకరాలు?" నాలుగు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "కోత ఎలా కోస్తారు?" అన్నాడు తర్వాత. అక్టోబర్‌లో ఆయన కోత చూడ్డానికి వెళ్ళాను. కంబైన్ (కోత యంత్రం) లేపిన దుమ్ము తప్ప చేలో ఇంకో మనిషి లేడు.

మీ తమ్ముడికి రెండు మాటలు చెప్పండి. పల్లె రోడ్ల మీద ఎదురొచ్చే డ్రైవర్ స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తుతాడు, అది పలకరింపు, తనూ ఎత్తాలి. పప్పులూ పచ్చళ్ళూ కావాలంటే కాన్సాస్ సిటీ దాటి ఓవర్‌ల్యాండ్ పార్క్ దాకా పోవాలి కాబట్టి, కారున్న సీనియర్‌తో నెలకోసారి పెట్రోల్ పంచుకోవడమే దారి. ఇల్లు మాత్రం క్యాంపస్‌కి నడిచే దూరంలోనే చూసుకోమనండి, అద్దె కాస్త ఎక్కువైనా సరే.