అమ్మాయిల చదువుకు ట్రస్టు: రిజిస్ట్రేషన్‌కు ముందు, ఆ తరువాత

ప్రశ్న: తెనాలి దగ్గర ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. వయసు 67. నెలకు 50,000 రూపాయల పింఛను వస్తుంది. బ్యాంకు, పోస్టాఫీసు డిపాజిట్లు కలిపి 32 లక్షలు ఉన్నాయి. గత ఏడాది నా భార్య కాలం చేసింది. ఆమె పేరిట 20 లక్షలతో ట్రస్టు పెట్టి, వచ్చే వడ్డీతో మా సామాజికవర్గంలోని పేద ఆడపిల్లల కాలేజీ ఫీజులు కట్టాలని ఉంది. అమెరికాలో ఉన్న ఇద్దరు కొడుకులు, నా పాత విద్యార్థులు కూడా సాయం చేస్తామంటున్నారు. ట్రస్టు మంచిదా, సొసైటీ మంచిదా? పన్ను మినహాయింపు వస్తుందా?

జవాబు: మాస్టారూ, మీ భార్యగారి పేరు నలుగురు ఆడపిల్లల చదువులో నిలవాలన్న మీ కోరిక ఎంతో గొప్పది. అది నెరవేరాలనే కోరుతున్నాను కాబట్టి, మీరు అడగని విషయంతోనే మొదలుపెడతాను. ధర్మార్థ ట్రస్టుకు ఒకసారి ఇచ్చిన సొమ్ము ఇక మీది కాదు. రేపు మీకు ఆపరేషన్ అవసరమైనా, ఇంటి పైకప్పు కూలినా, అందులోంచి ఒక్క రూపాయి కూడా వెనక్కి తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. 32 లక్షల్లో 20 లక్షలు ఇప్పుడే ఇచ్చేస్తే, ముందున్న పాతికేళ్లకు మీ చేతిలో మిగిలేది 12 లక్షలు. ఈ వయసులో అది చాలదని నా అభిప్రాయం.

ఇక లెక్క చూద్దాం. 20 లక్షలపై 7 శాతం చొప్పున ఏడాదికి 1,40,000 రూపాయల వడ్డీ వస్తుంది. తలా 20,000 ఫీజు అనుకుంటే ఏడుగురు అమ్మాయిలు చదువుకోవచ్చు. అదే ట్రస్టు ద్వారా అయితే ఆడిటరు రుసుముకు, రిటర్నులకు, తిరుగుళ్లకు ఏటా పాతికవేలు పోయినా మిగిలేది 1,15,000; అంటే ఐదుగురికి మాత్రమే సరిపోతుంది. పన్ను కలిసివస్తుందా అంటే, మీ విషయంలో దాదాపు ఏమీ కలిసిరాదు. పింఛను, వడ్డీలు కలిపి మీ వార్షికాదాయం ఎనిమిది లక్షల పైచిలుకు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి మీరు కట్టవలసిన పన్నే లేదు. విరాళాలపై 80జి మినహాయింపు కావాలంటే పాత విధానంలోకి వెళ్లాలి. అక్కడ కూడా ఇలాంటి ట్రస్టుకు ఇచ్చే విరాళంలో ఆదాయంలో 10 శాతం వరకే లెక్కలోకి తీసుకుని, అందులో సగానికే మినహాయింపు ఇస్తారు. మీరు ఒకే ఏడాది 20 లక్షలు ఇచ్చినా మీ ఆదాయంలోంచి తగ్గేది సుమారు 40,000 రూపాయలే.

కాబట్టి మీరొక్కరే డబ్బు పెట్టేట్లయితే ఏ ట్రస్టూ అక్కర్లేదు. ఫీజును మీ ఖాతా నుంచి నేరుగా కళాశాల ఖాతాకు జమచేసి రశీదు తీసుకుంటే సరిపోతుంది. అయితే మీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది. పాత విద్యార్థులు తోడు వస్తున్నారు, మీ తరువాత కూడా ఈ పని సాగాలని మీ మనసులో ఉంది. పదిమంది డబ్బు ఒకరి సొంత ఖాతాలో పడటం ఎవరికీ మంచిది కాదు గనుక, అప్పుడు సంస్థ తప్పనిసరి.

సొసైటీ అయితే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గం జాబితా దాఖలు చేయాలి. ఎన్నికలుంటాయి, వర్గాలూ రావచ్చు. కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీ పెట్టడమంటే ఈ మొత్తానికి మోయలేని భారం. మీకు తగినది ట్రస్టే. ముగ్గురు లేదా ఐదుగురు ధర్మకర్తలతో దస్తావేజు రాయించి సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించి, ట్రస్టు పేరిట పాన్ తీసుకుని, తీర్మానంతో బ్యాంకు ఖాతా తెరవాలి.

దస్తావేజును మాత్రం ఎవరిదో నమూనా చూసి రాయించవద్దు. "మా సామాజికవర్గం" అని మీరు రాసిన మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఒక కులం లేదా ఒక మతం వారికే మేలు చేసే ధర్మార్థ ట్రస్టుకు ఆదాయపు పన్ను మినహాయింపు దక్కదు. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మహిళలు, పిల్లలకు ఈ నిషేధం వర్తించదు. అందువల్ల "పేద విద్యార్థినులు" అని రాయండి. అది మీ భార్యగారి పేరుకూ నిండుదనం తెస్తుంది. ట్రస్టును మీరు రద్దుచేసి సొమ్ము వెనక్కి తీసుకోలేరని, ఎప్పుడైనా మూతపడితే మిగిలిన ఆస్తి ఇలాంటి ఆశయం ఉన్న మరో ధర్మార్థ సంస్థకే చెందుతుందని, ధర్మకర్తలకు గాని వారి బంధువులకు గాని లబ్ధి ఉండదని, ఖాళీ అయిన ధర్మకర్త స్థానాన్ని ఎవరు ఎలా నింపాలో స్పష్టంగా ఉండాలి. ఈ చివరి సంగతి రాయకపోవడం వల్ల, స్థాపకుడు పోయాక బ్యాంకు ఖాతాపై సంతకం చేసేవారే లేక నిలిచిపోయిన ట్రస్టును నేను చూశాను.

తరువాతది ఆదాయపు పన్ను శాఖ వద్ద రిజిస్ట్రేషన్. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి గాని ఆడిటర్లు ఇంకా 12ఎ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్), 80జి (దాతలకు మినహాయింపు ఇచ్చేది) అనే అంటున్నారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. 12ఎ వచ్చాకే పెద్ద మొత్తాన్ని ట్రస్టుకు మార్చండి. అది లేకుండా జమచేస్తే మూలధనాన్ని (కదపకుండా ఉంచి, వడ్డీనే ఖర్చుపెట్టే అసలు సొమ్మును) కూడా ఆదాయంగా చూసి పన్ను అడిగే అవకాశం ఉంది. మొదట మూడేళ్లకు తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఆ గడువుకు ఆరు నెలల ముందు, లేదా కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల్లోపు, ఈ రెంటిలో ఏది ముందైతే అప్పటికి శాశ్వత రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి. శాశ్వతమని పేరే గాని అదీ అయిదేళ్లకే, చిన్న ట్రస్టులకైతే పదేళ్లకు. గడువు మరిచిపోతే ట్రస్టు నికర ఆస్తిపైనే గరిష్ఠ రేటుతో పన్ను వేయవచ్చు. ఈ తేదీలను మీ ఇంటి క్యాలెండరు మీదే ఎర్ర సిరాతో రాసి పెట్టుకోమని నా విన్నపం.

ఏటా చేయవలసిన పనుల్లో ముఖ్యమైనది, ఆదాయంలో 85 శాతాన్ని ఆశయం కోసం ఖర్చుపెట్టడం. ఆదాయం పన్ను పడని పరిమితి దాటితే సెప్టెంబరు 30లోపు ఆడిట్ నివేదిక, అక్టోబరు 31లోపు రిటర్ను ఇవ్వాలి. 80జి తీసుకుంటే మే 31లోపు దాతల వివరాలన్నీ దాఖలు చేసి, వారికి ధ్రువపత్రాలు ఇవ్వాలి; ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. అందుకే రశీదు పుస్తకమే ప్రాణం. ఒకసారి ఒక సంఘం లెక్కలు చూడమని ఇస్తే, కార్బన్ ప్రతుల్లో పేజీ తరువాత పేజీ "ఒక శ్రేయోభిలాషి, 5,000" అనే ఉంది. ఇచ్చినవారు వినయంతోనే పేరు వద్దన్నారు. కాని పేరు, చిరునామా లేని విరాళాలు ఒక పరిమితి దాటితే వాటిపై 30 శాతం పన్ను పడుతుంది. గుడి హుండీకి ఉన్న వెసులుబాటు చదువుల ట్రస్టుకు లేదు. ప్రతి రశీదు మీద పేరు, చిరునామా, పాన్ రాయించండి. 2,000 రూపాయలకు మించిన నగదు విరాళానికి దాతకు 80జి వర్తించదు.

ట్రస్టు డబ్బును చిట్టీల్లో వేయడం, తెలిసినవారికి ప్రామిసరీ నోటు మీద వడ్డీకి ఇవ్వడం కూడదు. మన వైపు ఇది మామూలే కాబట్టి గట్టిగా చెబుతున్నాను. షెడ్యూల్డు బ్యాంకు డిపాజిట్లు, పోస్టాఫీసు, ప్రభుత్వ బాండ్లు వంటి చట్టం అనుమతించిన వాటిలోనే ఉంచాలి.

మీ కొడుకుల సాయం విషయంలో వారి పాస్‌పోర్టులను బట్టి దారి వేరవుతుంది. విదేశీ విరాళాల చట్టం, అంటే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ, మనిషి ఎక్కడ ఉంటున్నాడని కాక ఏ దేశ పౌరుడని చూస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నా భారత పాస్‌పోర్టుతోనే ఉన్న కొడుకు తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అతని పాస్‌పోర్టు ప్రతిని రశీదుకు జతచేసి భద్రపరచండి. అమెరికా పౌరసత్వం తీసుకున్న కొడుకు పంపేది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే; ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేకుండా ట్రస్టు దాన్ని తీసుకోకూడదు. దాన్ని మీ ఖాతాకు తెప్పించుకుని ట్రస్టుకు మళ్లించడం కూడా తప్పే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ కావాలంటే సాధారణంగా ట్రస్టుకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో ఆశయం మీద 15 లక్షల ఖర్చు, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. మీ ట్రస్టు స్థాయికి అది ఇప్పట్లో అందదు. ఆ అబ్బాయి డబ్బు తీసుకోవద్దు. సెలవులకు వచ్చినప్పుడు లెక్కల పనిలో సాయం చేయమనండి, అదీ విలువైనదే.

నా సూచన ఇది. ఈ విద్యాసంవత్సరం ఐదారుగురు అమ్మాయిల ఫీజు మీ ఖాతా నుంచే కట్టండి. పాత విద్యార్థుల్లో ఎవరు మాట ఇచ్చి నిలబడతారో, ఎవరు లెక్కలు రాయగలరో ఈలోగా తేలుతుంది. వారినే ధర్మకర్తలుగా తీసుకుని వచ్చే ఏడాది 5 లక్షలతో ట్రస్టు ప్రారంభించండి. తక్కిన 15 లక్షలు మీ పేరిటే ఉంచి, దాని వడ్డీని మీకు వీలైనంత ట్రస్టుకు ఇస్తూ రండి. మీ తదనంతరం ఆ 15 లక్షలు ట్రస్టుకు "మూలధనంగా" చెందాలని, ట్రస్టు పేరు, పాన్ నంబరుతో సహా వీలునామాలో రాసి, కొడుకులిద్దరికీ ఇప్పుడే చదివి వినిపించండి.