చేతితో అల్లిన డ్రాయరుకు నడుము పట్టీయే ప్రాణం

"ఇంట్లో ఊలుతోనో నూలుతోనో మగవారికి డ్రాయర్లు అల్లవచ్చా? అల్లినా అవి రోజూ వేసుకోవడానికి పనికివస్తాయా? క్రోషే మంచిదా, సూదుల అల్లిక మంచిదా?" అని మీరు అడిగారు. అల్లవచ్చు, రోజూ వేసుకోవచ్చు కూడా. సన్నని నూలుదారం తీసుకుని, ఒంటిని పట్టి ఉండే భాగమంతా సూదులతో గుండ్రంగా అల్లండి. క్రోషేను, అంటే ఒక్క కొక్కెం సూదితో అల్లే అల్లికను, బొందుకూ, కాళ్ళ అంచులకూ మాత్రమే వాడండి. నడుము దగ్గర ఎలాస్టిక్ జోలికి మాత్రం పోకండి. ఈ చివరి మాట చెప్పడానికే నేను ఇంత పొడుగు సమాధానం రాస్తున్నాను.

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన క్రోషే లేసు పని మా వైపు ఆడవాళ్ళ చేతుల్లో స్థిరపడిపోయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మమ్మ మొదలు నా వరకు అందరమూ మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని అల్లినవాళ్ళమే. అయితే అల్లినదంతా బల్ల గుడ్డలుగా, దుప్పట్లుగా విదేశాలకు వెళ్ళిపోతుంది. ఎగుమతి ధరకూ, అల్లిన మనిషి చేతికి వచ్చే కూలికీ పొంతన ఉండదు. ఇంత నేర్పు చేతిలో ఉండి కూడా, మన ఇంట్లో మనిషి ఒంటికి హాయినిచ్చే వస్తువు ఒక్కటైనా అల్లుకుందామన్న ఆలోచన మాకు రాకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. నాకు ఆ ఆలోచన వచ్చింది మా మామగారి నడుము చూశాక.

ఆయన బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. తెల్లని పంచె, తెల్లని చొక్కా, లోపల తెల్లని డ్రాయరు తప్ప మరొకటి ఎరగరు. ఆ తెలుపు చెడకుండా ఇంట్లో తెల్లబట్టలన్నీ బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టడం ఏళ్ళ తరబడి అలవాటు. కొన్నాళ్ళకు ఆయన నడుము చుట్టూ, సరిగ్గా ఎలాస్టిక్ ఆనేంత వెడల్పున, ఎర్రని చారలాగా చర్మం దద్దుర్లెక్కి, తర్వాత నల్లబడి మొద్దుబారింది. రాత్రిపూట గోక్కుంటూ నిద్రపోయేవారు కాదు. తామర అనుకుని మందుల షాపులో అడిగి తెచ్చిన క్రీములు రాశారు. ఆ క్రీములలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసిన రెండు రోజులు దురద అణిగి, మానగానే రెట్టింపు అవుతుంది. నిజంగా తామరే ఉన్నవారికైతే అది ఇంకా పాకుతుంది. వైద్యుడి చీటీ లేకుండా వాటిని అమ్మేవారి మీద నాకు ఇప్పటికీ కోపమే.

చివరికి చర్మవైద్యులకు చూపిస్తే, నడుము చుట్టూ పట్టీలాగా ఉన్న ఆ గుర్తును చూడగానే ఆ వైద్యులు ఎలాస్టిక్ గురించి అడిగారు. రబ్బరు తయారీలో వాడే రసాయనాలు కొందరి ఒంటికి సరిపడవట. దానికి తోడు, ఎలాస్టిక్‌లోని రబ్బరు రసాయనాలు బ్లీచింగ్‌తో కలిసి మరింత చురుకైన పదార్థంగా మారి, చర్మాన్ని అంతకంటే ఎక్కువ బాధపెడతాయట. ఎలాస్టిక్, బ్లీచింగ్ రెండూ మానమన్నారు. బొందు కట్టే పట్టాపట్టీల డ్రాయర్లు కొని తెచ్చాము. కానీ ఆ నేత బట్ట సాగదు. పంచె లోపల ముడతలు పడి, ఒరుసుకున్న చోట మళ్ళీ మంట. నేతబట్టలో పోగులు నిలువుగా, అడ్డంగా బిగిసి ఉంటాయి. అల్లికలో పోగు ఉచ్చులు ఉచ్చులుగా తిరుగుతుంది కనుక ఎటు లాగితే అటు సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. తిరుప్పూరులో యంత్రాల మీద తయారయ్యే బనీను బట్ట కూడా ఈ ఉచ్చుల అల్లికే. యంత్రం అల్లేదాన్ని చేయి అల్లలేకపోవడమేమిటని అప్పుడు పట్టుదల వచ్చింది.

కొలతల దగ్గర వచ్చిన ఇబ్బంది అంతా ఇంతా కాదు. కోడలు మామగారి డ్రాయరు అల్లడమేమిటని మా అత్తగారు ముందు నోరు నొక్కుకున్నారు. రెండు రోజులు ఏమీ మాట్లాడకుండా ఊరుకుని, ఒక సాయంత్రం వంటింట్లోకి వచ్చి, పాత పేపరులో చుట్టిన డ్రాయరు ఒకటి నా చేతిలో పెట్టి, "అమ్మాయీ, ఇది ఆయనకు సరిగ్గా ఉండేది, దీన్ని బట్టి చూసుకో, నన్నేమీ అడగకు" అని వెళ్ళిపోయారు. మీకు కూడా నా సలహా ఇదే. మనిషి ఒంటి మీద టేపు పెట్టడం కంటే, హాయిగా ఉన్న పాత డ్రాయరును పరచి కొలవడం మేలు. నడుము చుట్టుకొలత, పిరుదుల చుట్టుకొలత, ముందు నడుము నుంచి కాళ్ళ సందు వరకు లోతు, వెనుక అదే లోతు, తొడ చుట్టుకొలత రాసుకోండి. వెనుక లోతు ముందు కంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

దారం కొనేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. మన బజార్లలో "ఊలు" అని అమ్మే రంగురంగుల ఉండలలో చాలావరకు యాక్రిలిక్ దారాలే. చిన్న ముక్క తుంచి వెలిగించి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. ఊలు జుట్టు కాలిన వాసన వేస్తుంది. యాక్రిలిక్ కరిగి నల్లని గట్టి పూసలా మిగులుతుంది. ఆ పూస మిగిలిన దారం మన ఎండల్లో తొడల మధ్య పెట్టడానికి ఎంతమాత్రం పనికిరాదు. అసలైన ఊలు వాడదలచినా మెరీనో వంటి సన్నని రకమే తీసుకోవాలి. మన దక్కనీ గొర్రెల ఉన్ని గొంగడికి ఎంత మంచిదో ఒంటికి అంత గరుకు. జర్మనీ జంతుశాస్త్రవేత్త గుస్టాఫ్ యేగర్ 1880లలో ఒంటికి ఊలు తప్ప మరేదీ తగలకూడదని ప్రచారం చేస్తే, నాటక రచయిత బెర్నార్డ్ షా అంతటివారు ఆ మాట నమ్మి నిలువెల్లా అల్లిక ఊలు సూటు తొడుక్కున్నారు. లండన్ చలికి అది సరిపోయి ఉండవచ్చు. రోహిణీ కార్తెలో గోదావరి జిల్లాలో తిరిగే మనిషికి మెత్తని నూలే దిక్కు.

ఇక అల్లడం సంగతి. ముందు అరచేతి వెడల్పున నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, అప్పుడు అంగుళానికి ఎన్ని కుట్లు వస్తున్నాయో లెక్కపెట్టండి. ఉతకకముందు లెక్కకు విలువ లేదు, ఎందుకంటే నూలు నీళ్ళు పడగానే మారిపోతుంది. నా చేతికి 2.5 మిల్లీమీటర్ల సూదుల మీద అంగుళానికి 7 కుట్లు వచ్చాయి. పిరుదుల కొలత 38 అంగుళాలు ఉంటే అంతకు అంత అల్లకూడదు. పదో వంతు తగ్గించి 34 అంగుళాలకు, అంటే 238 కుట్లకు అల్లాలి. వేసుకున్నప్పుడు సాగి ఒంటిని పట్టుకోవడానికి ఆ తగ్గింపు అవసరం. తీగతో కలిపిన సర్క్యులర్ సూది మీద నడుము నుంచి కిందికి గుండ్రంగా అల్లుకుంటూ వస్తే పక్కల అతుకులే ఉండవు. రెండు కాళ్ళ మధ్య మాత్రం నాలుగు మూలల ముక్క ఒకటి, సుమారు 3 అంగుళాల వెడల్పున, విడిగా పెంచుకుని కలపాలి. ఆ ముక్క లేకుండా రెండు కాళ్ళనూ నేరుగా కలిపేస్తే, ఆ కలిసే చోటే ఒరుసుకుంటుంది, చినుగుతుంది. ముందు భాగంలో మధ్యన కొన్ని కుట్లు క్రమంగా పెంచి, మళ్ళీ తగ్గించి, మగవారికి కావలసిన చోటు వదలాలి.

నడుము పట్టీని రెండున్నర అంగుళాల వెడల్పున, ఒకటి సీదా ఒకటి ఉల్టా కుట్టుతో అల్లాను. అంత వెడల్పు ఎందుకంటే, బిగువు ఒకే గీత మీద పడకుండా పరుచుకోవాలి. పట్టీ మధ్యలో వరుసగా చిన్న కన్నాలు వదిలి, అదే దారంతో క్రోషే గొలుసు అల్లి బొందుగా దూర్చాను. మొలతాడుకు గోచి కట్టుకున్న పెద్దలకు ఎలాస్టిక్ అవసరమే రాలేదు. ఎవరి ఒంటికి ఎంత బిగువు కావాలో, భోజనానికి ముందు ఎంత, తర్వాత ఎంత అన్నది బొందు కట్టుకునే మనిషికి తెలుస్తుంది. కొట్టులో కొన్న ఎలాస్టిక్‌కు ఆ తెలివి లేదు.

మామగారు మొదటిది వేసుకుని వారం దాటినా బాగుందని గాని, బాగాలేదని గాని అనలేదు. ఆ తర్వాత అత్తగారి చేత ఒక కాగితం పంపారు. గళ్ళ నోటుబుక్కు నుంచి చింపిన కాగితం మీద స్కేలు పెట్టి డ్రాయరు బొమ్మ గీసి, బాణం గుర్తులు వేసి, బ్లాక్‌బోర్డు మీద రాసినట్టు గుండ్రని అక్షరాలతో ఇలా రాశారు: "1. బొందు ముడి నడిమిన కాక కుడి ప్రక్కకు రావలెను. పంచె కుచ్చెళ్ళ క్రింద ముడి గ్రుచ్చుకొనుచున్నది. 2. కూర్చున్నప్పుడు వెనుక జారుచున్నది. వెనుక భాగము ఒకటిన్నర అంగుళము ఎత్తు పెంచవలెను. 3. తక్కినది తృప్తికరము." ఆ కాగితం ఇప్పటికీ నా అల్లిక సంచిలో ఉంది. ఆయన చెప్పిన రెండూ ఆ తర్వాత అల్లిన ప్రతి డ్రాయరులోనూ పాటించాను. వెనుక ఎత్తు పెంచడానికి, చుట్టూ తిరగకుండా వెనుక భాగంలోనే సగం దాకా వెళ్ళి తిరిగి వచ్చే వరుసలు కొన్ని వేస్తే చాలు. ఆయన నడుము చార మాత్రం నెలలు గడిచేకొద్దీ పలచబడి, దురద పూర్తిగా పోయింది. ఆ బాధకు మూలం ఎలాస్టికేనని నాకు ఇంతకంటే వేరే రుజువు అక్కరలేదు.

డ్రాయరు మొత్తం క్రోషేతో అల్లవద్దని ఎందుకు అన్నానో చెబుతాను. క్రోషే కుట్టు సూదుల అల్లిక కంటే మందంగా వస్తుంది, తక్కువ సాగుతుంది, దారం ఎక్కువ తింటుంది. దగ్గరదగ్గరగా వేస్తే కూర్చున్న చోట ప్రతి కుట్టూ ఒంటి మీద అచ్చు పడుతుంది. లేసు అల్లే చేతికి క్రోషే తప్ప మరేదీ రాకపోతే, 20 లేదా 40 నంబరు సన్నదారంతో వల కన్నులు వదిలి పలచగా అల్లి, కింద కూర్చునే భాగానికి పాత ధోవతి మెత్తని గుడ్డ లోపల కుట్టండి. వల అల్లికను తక్కువ చేయకండి. 1933లో హెన్రిక్ బ్రూన్ అనే నార్వే సైన్యాధికారి చేపల వలలతో లోపలి బనీను తయారుచేస్తే, ఆ కన్నుల్లో నిలిచే గాలి వల్ల అది చలిలో వెచ్చగా ఉండి, చెమటను బయటికి పోనిచ్చింది. ఆ తరహా బనీన్లు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. వలలు అల్లే పల్లెలు మన సముద్రపు ఒడ్డున ఎన్ని లేవు!

ఉతికేటప్పుడు మామూలు సబ్బు చాలు, పిండకుండా తువ్వాలులో చుట్టి అదమాలి. తడి నూలు అల్లికను దండెం మీద వేలాడదీస్తే ఆ బరువుకే మోకాళ్ళ దాకా సాగుతుంది. నులక మంచం మీద తువ్వాలు పరచి, దాని మీద సరిచేసి, ఎండలో పడుకోబెట్టి ఆరబెట్టాలి. లోపలి బట్టలు ఎవరి కంటా పడకూడదని చీర కిందో, స్నానాల గదిలోనో ఆరేయడం మన ఇళ్ళలో ఒక పెద్ద జబ్బు. చెమ్మ ఆరని బట్ట వేసుకుంటే వచ్చే తామరకు ఎంత మంచి దారమైనా అడ్డుపడదు.

ఇంత ఓపిక లేకపోయినా ఎలాస్టిక్‌తో బాధపడుతున్నవారు ఒక పని చేయవచ్చు. కొన్న నూలు డ్రాయరు నుంచి ఎలాస్టిక్ పట్టీని కత్తిరించి తీసివేసి, ఆ అంచు మడిచి కుట్టి, దాని మీద సన్న నూలుదారంతో క్రోషే వరుసలు వేసుకుంటూ రెండు అంగుళాల పట్టీ పైకి పెంచండి. మధ్య వరుసలో కన్నాలు వదిలి, గొలుసు బొందు దూర్చండి. ముడి కుడి పక్కకే రావాలి.