జూలై 4 రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన 'చరిత్రలో ఈ రోజు – జూలై 4' చదివాను. బాగా కష్టపడ్డావని తెలుస్తోంది. అమెరికా స్వాతంత్ర్యం, అల్లూరి జయంతి, వివేకానందుడి నిర్యాణం, మేరీ క్యూరీ, పింగళి వెంకయ్యల వర్ధంతులు, కీరవాణి పుట్టినరోజు, 1997లో అంగారకుడి మీద నాసా నౌక పాత్‌ఫైండర్ దిగడం, 2012లో హిగ్స్ బోసాన్ కణం గురించిన ప్రకటన, ఏదీ వదల్లేదు. ఒక్కోదానికి ఒక్కో లైను. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలకి పనికొస్తుందేమో గానీ, మామూలుగా చదివేవాళ్లకి ఫోన్ పక్కన పెట్టేసరికి ఒక్కటీ గుర్తుండదు. మొహమాటపడకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను.

ఇంత రాసి కడవెండిని ఎలా మర్చిపోయావు? 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని ఆ ఊళ్లో (ఇప్పుడది జనగామ జిల్లా) ఆంధ్ర మహాసభ గ్రామ సంఘం వాళ్లు కర్రలు, వడిసెలలు పట్టుకుని నినాదాలిస్తూ ఊరేగింపుగా బయల్దేరారు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి తల్లి ఉండే గడి (దొరల కోటలాంటి ఇల్లు) దగ్గరికి రాగానే దొర గూండాలు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య అక్కడే పోయాడు, పంతొమ్మిదేళ్ల కుర్రాడు, గొర్రెల కాపరుల ఇంటి బిడ్డ. అన్న మల్లయ్యకూ గాయమైంది. జనం చెదిరిపోలేదు సరికదా, కాల్చినవాళ్లనే గడిలోకి తరిమారు. వెట్టి మీద, లెవీ (రైతుల దగ్గర బలవంతపు ధాన్యం వసూలు) మీద, భూముల మీద అప్పటికే రాజుకుంటున్న గొడవ ఆ రోజుతో సాయుధ పోరాటం దాకా వెళ్లింది. దీన్ని 'తెలంగాణ తొలి అమరుడు దొడ్డి కొమరయ్య వర్ధంతి' అని ఒక్క లైనులో సర్దేస్తే ఆ గడీ కనపడదు, ఆ ఊరేగింపూ కనపడదు.

ఇంకో సంగతి చూడు. అదే 1946 జూలై 4న మనీలాలో అమెరికా జెండా దింపి ఫిలిప్పీన్స్ జెండా ఎగరేశారు. అదే రోజు పోలండ్‌లోని కియెల్‌త్సె పట్నంలో, హిట్లర్ నుంచి ఎలాగోలా ప్రాణాలు దక్కించుకున్న యూదుల మీద మూక పడి నలభై మందికి పైగా చంపేసింది. యుద్ధం అయిపోయి ఏడాది దాటాక! తేదీ కలవడం వేరు, రోజు కలవడం వేరు. అల్లూరి పుట్టిన రోజుకీ పాత్‌ఫైండర్ దిగిన రోజుకీ మధ్య ఒక శతాబ్దం ఉంది, వాటిని కలిపింది కాలెండర్‌లో గడి మాత్రమే. కడవెండి, మనీలా, కియెల్‌త్సె ఈ మూడూ మాత్రం ఒకే రోజు, ఒకే సూర్యుడి కింద జరిగాయి. ఒకదానికొకటి సంబంధం ఉందని నేననడం లేదు, నువ్వూ అనకు, లేని దారం కట్టొద్దు. పక్కపక్కన పెట్టి ఊరుకో, చదివేవాళ్లు వాళ్లే ఆలోచించుకుంటారు.

అసలు దారం ఉన్న చోట మాత్రం అడిగి తీరాలి: ఇది ఈ తేదీనే ఎందుకు జరిగింది? ఫిలిప్పీన్స్‌కి జూలై 4 కాకతాళీయంగా రాలేదు, అమెరికా తన సొంత పండగ రోజునే ఇచ్చింది. ఇచ్చినవాళ్ల పండగ మనకెందుకనుకున్నారో ఏమో, 1962లో ఫిలిప్పీన్స్ తన స్వాతంత్ర్య దినాన్ని జూన్ 12కి మార్చేసుకుంది, 1898లో స్పెయిన్ నుంచి స్వేచ్ఛ ప్రకటించుకున్న రోజుకి. ఆ మాటకొస్తే అమెరికా వాళ్లదీ అంత తిన్నగా లేదు. స్వాతంత్ర్యానికి ఓటేసింది 1776 జూలై 2న, ప్రకటన పాఠాన్ని ఆమోదించింది 4న, ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. నువ్వేమో 'జూలై 4న అందరూ సంతకాలు చేశారు' అని రాశావు, అది తీసెయ్. అమెరికా మాజీ అధ్యక్షులు జాన్ ఆడమ్స్, జెఫర్సన్ ఇద్దరూ సరిగ్గా యాభై ఏళ్లకి అదే తేదీన పోయారన్నది మటుకు నిజమే, కానీ అది అందరూ రాసేదే, రెండు వాక్యాలు చాలు.

వివేకానందుడి దగ్గర నువ్వు మంచి దారం వదిలేశావు. 1902 జూలై 4న బేలూరు మఠంలో పోయాడు, ముప్పై తొమ్మిదేళ్లకి, అంతవరకు రాశావు. అంతకు నాలుగేళ్ల ముందు, 1898లో, కశ్మీర్‌లో ఉన్నప్పుడు తన అమెరికన్ శిష్యుల కోసం ఆయన జూలై 4 మీద ఇంగ్లీషులో ఒక కవిత రాశాడు. అది అమెరికా పండగ రోజని ఆయనకి తెలుసు, దాన్ని పండగలా చేసుకున్నాడు. అలా అని 'తన మరణాన్ని ముందే ఊహించాడు' వంటి వాట్సాప్ మార్కు వాక్యం మాత్రం రాసేవు, నేనొప్పుకోను.

ఆయన పుట్టినరోజు రాయాల్సి వచ్చినప్పుడు ఇంకో చిక్కు. ప్రభుత్వం జనవరి 12న యువజన దినోత్సవం చేస్తుంది, బేలూరు మఠం వాళ్లు తిథి ప్రకారం చేస్తారు, కాబట్టి ఏటా తేదీ మారుతుంది. మన పాతకాలం వాళ్ల గురించి రాసేటప్పుడు ఇది మరీ చూసుకోవాలి.

అల్లూరి విషయంలో తేదీకి గొడవ లేదు, సంవత్సరానికి ఉంది. ఎక్కువ పుస్తకాల్లో 1897, కొన్నిట్లో 1898. రెండూ రాయి, తప్పేం లేదు. కానీ జయంతి రోజున ఆయన జీవితమంతా కుక్కెయ్యకు. పాండ్రంగిలో అమ్మగారి పుట్టింట్లో పుట్టాడు, ఆ రోజుకి అంతే. చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసి, పట్టుకెళ్లే తుపాకుల లెక్క రాసి మరీ సంతకం పెట్టాడే, దానికి ఆగస్టు 22 ఉంది. ఆయన్ని కాల్చిచంపిన కొయ్యూరుకి మే 7 ఉంది. అన్నీ ఒక్కరోజే ఖర్చుపెట్టేస్తే ఏడాదంతా ఏం రాస్తావు?

పింగళి వెంకయ్య (మ. 1963) పేరా మాత్రం మళ్లీ రాయాల్సిందే. 'జాతీయ జెండా రూపకర్త' అని ఊరుకుంటే సగమే చెప్పినట్టు. 1921లో బెజవాడలో గాంధీకి ఆయన చూపించిన జెండాలో ఎరుపు, పచ్చ ఉన్నాయి, తెలుపు గాంధీ చెప్పాక చేరింది. కాషాయం 1931లో, రాట్నం స్థానంలో చక్రం 1947లో వచ్చాయి. ఇది రాస్తే ఆయన్ని తగ్గించినట్టని కొందరు కోప్పడతారు, పడనీ. పత్తి వెంకయ్య, జపాన్ వెంకయ్య, డైమండ్ వెంకయ్య అని ఒకే మనిషికి ఇన్ని పేర్లు ఎందుకొచ్చాయో మాత్రం ఇప్పుడే చెప్పెయ్యకు. ఆయన పుట్టింది ఆగస్టు 2న, అమెరికా ప్రకటన మీద సంతకాలు పడ్డ తేదీన. ఆ రోజుకి దాచుకో. ముందు కడవెండి పేరా రాసి ఈ ఆదివారంలోపు పంపు, పొడుగైనా ఫర్వాలేదు.