టెక్ సందేహాలు: టీవీ స్టేషన్ ఫ్రీక్వెన్సీ మారాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: మా అన్నయ్య డాలస్‌లో టీ-మొబైల్ వాడతాడు. ఆ కంపెనీ 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఒకప్పుడు టీవీ స్టేషన్లదట. అన్ని స్టేషన్లను వేరే ఫ్రీక్వెన్సీకి ఎలా తరలించారు? సాఫ్ట్‌వేర్‌లో నంబర్ మారిస్తే సరిపోదా? (ఈసీఈ విద్యార్థి, వరంగల్)

జవాబు: సరిపోదు. యాంటెన్నా, ఫిల్టర్ రెండూ ఆ ఛానల్‌కి తగ్గట్టు తయారైనవే. ట్రాన్స్‌మిటర్ నుంచి టవర్ పైకి వెళ్లే రాగి గొట్టం సంగతి చూడండి. 20 అడుగులు, 19.75, 19.5 ఇలా ముక్కలుగా వస్తుంది. ఏ ఛానల్‌కి ఏ పొడవు ముక్క వాడాలో ముందే లెక్క కడతారు. తప్పు పొడవు వాడితే ప్రతి అతుకు దగ్గరా కొద్దికొద్దిగా సిగ్నల్ వెనక్కి తిరిగి, అంతా కలిసి పెద్ద నష్టమవుతుంది. అంటే కొన్ని స్టేషన్లు కింది నుంచి పైదాకా గొట్టం కూడా మార్చుకోవాల్సి వచ్చింది.

2017 ఏప్రిల్‌లో ముగిసిన వేలంలో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ మొబైల్ కంపెనీల కోసం 38 నుంచి 51 వరకు ఉన్న టీవీ ఛానళ్ల జాగాను, అంటే 84 మెగాహెర్ట్జ్‌ను ఖాళీ చేయించింది. స్పెక్ట్రమ్ (తమ ఫ్రీక్వెన్సీ జాగా) వదులుకున్న 175 స్టేషన్లకు దాదాపు 1,000 కోట్ల డాలర్లు దక్కాయి. అమ్మకుండా ఉన్నవాళ్లకీ తిప్పలు తప్పలేదు. మొత్తం 987 స్టేషన్లు 39 నెలల్లో కొత్త ఛానల్‌కి మారాల్సి వచ్చింది.

అసలు చిక్కు వరసలో ఉంది. ఒక స్టేషన్ కొత్త ఛానల్‌కి వెళ్లాలంటే, పక్క ఊళ్లో అదే ఛానల్ వాడుతున్న స్టేషన్ ముందు ఖాళీ చేయాలి. అది ఖాళీ చేయాలంటే ఇంకోటి కదలాలి. ఇలాంటి గొలుసులను కంప్యూటర్‌తో విడదీసి 10 దశలు చేశారు. మొదటి దశ 2018 నవంబర్ 30న పూర్తయింది. నాకు నచ్చింది ఈ పద్ధతే. గడువు మాత్రం చెప్పి 'మీరూ మీరూ చూసుకోండి' అని వదిలేస్తే, ఎవరు ముందు కదలాలో తేలక అందరూ ఆగిపోయేవాళ్లు. మార్పు ఖర్చుల కోసం మొదట 175 కోట్ల డాలర్ల నిధి పెట్టారు. 2018లో ఇంకో 100 కోట్లు కలిపారు. అందులో ఎఫ్‌ఎం రేడియోలకీ వాటా ఉంది. ఒకే టవర్ మీద మనుషులు పని చేస్తుంటే ఎఫ్‌ఎం కూడా పవర్ తగ్గించాలి, ఒక్కోసారి ఆపేయాలి మరి.

డబ్బు దొరికినా, వేల అడుగుల టవర్ ఎక్కి పనిచేయగల బృందాలు ఎక్కువ లేవు. ఒక్క బృందం ఆలస్యమైతే దశ మొత్తం టెన్షన్‌లో పడేది. 2018 ఏప్రిల్‌లో మిస్సోరిలో, కొత్త యాంటెన్నా కోసం టవర్‌ను బలపరుస్తుండగా దాదాపు 2,000 అడుగుల ఆ టవర్ కూలి ఒక కార్మికుడు చనిపోయాడు. ఇలాంటి మార్పులకు గడువు పెట్టేవాళ్లు ముందుగా లెక్కవేయాల్సింది పైకెక్కే మనుషులనే అని నా గట్టి అభిప్రాయం.

చూసేవాళ్ల వైపు పని తేలిక. తెర మీద కనిపించే ఛానల్ నంబర్ మారలేదు, లోపలి ఫ్రీక్వెన్సీ మారింది కాబట్టి టీవీలో మళ్లీ స్కాన్ చేస్తే చాలు. అయితే కొన్ని స్టేషన్లు యూహెచ్‌ఎఫ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ) నుంచి వీహెచ్‌ఎఫ్‌కి (తక్కువ ఫ్రీక్వెన్సీ) వెళ్లాయి. వాటికి చిన్న పలక యాంటెన్నా చాలదు, పొడవాటి కడ్డీలున్నది కావాలి.

ప్రశ్న: మా తెలుగు సంఘానికి ఎవరో పాత వైర్‌లెస్ మైకులు ఇచ్చారు. వాడొచ్చా? (న్యూజెర్సీ)

జవాబు: రిసీవర్ వెనక, మైకు బ్యాటరీ గదిలో స్టిక్కర్ చూడండి. 617–652 లేదా 663–698 మెగాహెర్ట్జ్ మధ్య మాత్రమే పనిచేసే సెట్ అయితే పక్కన పెట్టేయండి. పైన చెప్పిన వేలంలో ఖాళీ చేయించిన జాగా ఇదే కాబట్టి, 2020 జూలై 13 నుంచి అక్కడ మైకులు నిషిద్ధం. 470–608లో పనిచేసేది తీసుకోండి. టీవీ స్టేషన్లన్నీ ఇప్పుడు కింది ఛానళ్లలోనే సర్దుకున్నాయి కాబట్టి, కార్యక్రమం రోజు హాల్లోనే స్కాన్ చేసి ఖాళీ చూసుకోండి.

ప్రశ్న: మా పక్కన 5జీ టవర్ వచ్చాక సీ-బ్యాండ్ డిష్‌లో ఛానళ్లు గడ్డకడుతున్నాయి. రిసీవర్ మార్చినా లాభం లేదు. ఫిల్టర్ సొంత డబ్బుతో కొనాలంటున్నారు. పనిచేస్తుందా? (కేబుల్ ఆపరేటర్, తెనాలి)

జవాబు: మీరు చెప్పిన లక్షణాలకు కారణం చాలావరకు ఎల్‌ఎన్‌బీ, అంటే డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే పరికరం. మన దేశంలో 5జీకి 3300–3670 మెగాహెర్ట్జ్ ఇచ్చారు. మీ ఛానళ్లు 3700–4200లో వస్తాయి. పాత ఎల్‌ఎన్‌బీ 3400 నుంచే అన్నీ లాగేస్తుంది. దాదాపు 36,000 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే సిగ్నల్ ముందు పక్కింటి టవర్ సిగ్నల్ ఎన్నో రెట్లు బలమైనది. ఎల్‌ఎన్‌బీ దానితోనే నిండిపోతుంది. అది దాటాక రిసీవర్‌లో ఏం మార్చినా ప్రయోజనం లేదు.

3700–4200ని మాత్రమే పోనిచ్చే ఫిల్టర్‌ను ఫీడ్ హార్న్‌కీ (డిష్ నుంచి సిగ్నల్ పట్టే గరాటు) ఎల్‌ఎన్‌బీకీ మధ్య బిగించాలి, ఎల్‌ఎన్‌బీ తర్వాత కాదు. రెండు వైపులా రబ్బరు రింగులు వేసి సీల్ చేయించండి, వాన నీళ్లు దిగితే కొత్త తంటా. బిగించాక ఎల్‌ఎన్‌బీని కొద్దిగా తిప్పి సిగ్నల్ మళ్లీ సరిచూసుకోండి. ఫిల్టర్ వల్ల కూడా కొంచెం సిగ్నల్ తగ్గుతుంది కాబట్టి డిష్ చిన్నదైతే ఇబ్బంది ఉండొచ్చు. వీలైతే టవర్‌కీ డిష్‌కీ మధ్య గోడ అడ్డు వచ్చేలా చోటు మార్చండి.

ఖర్చు విషయంలో మీ బాధ న్యాయమైనదే. అమెరికాలో 3.7–3.98 గిగాహెర్ట్జ్ 5జీకి ఇచ్చినప్పుడు, రిజిస్టర్ చేసుకున్న డిష్‌లకు ఫిల్టర్లు, సర్దుబాటు ఖర్చు కొత్తగా స్పెక్ట్రమ్ కొన్న కంపెనీలే భరించాయి. ఇక్కడా అలాగే ఉండాలి. కొనేముందు మీ టవర్ ఏ బ్యాండ్‌లో పనిచేస్తోందో కంపెనీని లిఖితపూర్వకంగా అడగండి. ఆ జవాబుతో మీ ఆపరేటర్ల సంఘం తరఫున ఫిర్యాదు చేయొచ్చు.