హైవే మీద పికప్ వెనక భాగం ఊగుతుంటే ముందు యూ బోల్టులు చూడండి

మీ పికప్ ఖాళీగా ఉన్నప్పుడు 80 వరకు బుద్ధిగానే వెళ్తుంది, 90 దాటితే వెనక భాగం అటూ ఇటూ జరుగుతున్నట్టు ఉంటుంది, షాకబ్జర్లు రెండూ మార్చినా తేడా రాలేదు, ఇంకేం చూడాలి అని అడిగారు. తేడా రాదండీ. గతుకు దాటాక బండి ఎగురుతూనే ఉంటే షాకబ్జర్లను అనుమానించాలి. పక్కకు జరుగుతుంటే వాటికి పెద్దగా సంబంధం లేదు. వెనక హౌసింగ్‌ని, అంటే రెండు వెనక చక్రాల మధ్య అడ్డంగా ఉండే యాక్సిల్ గొట్టాన్ని, దాని చోట పట్టి ఉంచేవి కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగులు), వాటి చివర్లలో ఉండే రబ్బరు బుష్‌లు, కట్టను హౌసింగ్‌కి బిగించే యూ ఆకారపు బోల్టులు. అయినా ఏ షెడ్డుకి వెళ్లినా మొదట వినపడే మాట షాకబ్జర్లే. విప్పడం తేలిక, బిల్లు పెద్దది, ఇంకేం కావాలి?

నా బండికీ ఇదే జరిగింది. కమాన్ కట్టలు విప్పి కొత్త పట్టీలు వేయించాక మొదలైంది. లారీని దాటుతుంటే ముందు చక్రాలు తిరిగాక, ఒక క్షణం ఆగి వెనక భాగం విడిగా తిరిగినట్టుండేది. యాక్సిలరేటర్ తొక్కితే బండి కొంచెం ఎడమకి లాగేది, వదిలితే కుడికి. ఈ గుర్తు మాత్రం బాగా పట్టుకోండి. కాలు పెట్టినప్పుడు ఒక వైపు, తీసినప్పుడు ఇంకో వైపు లాగుతోందంటే వెనక హౌసింగే కదులుతోందని నేను కళ్లు మూసుకుని చెప్తాను.

అలైన్‌మెంట్ షాపులో ముందు చక్రాల టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సర్ది, అన్నీ పచ్చ రంగులో ఉన్న ప్రింటు చేతిలో పెట్టి పంపారు. వెనక చక్రాలకి సెన్సర్లే పెట్టలేదు. అడిగితే వెనక సర్దడానికి ఏమీ ఉండదు సార్ అన్నాడు. సర్దడానికి లేకపోవచ్చు, చూడ్డానికి ఉంటుంది కదా! హౌసింగ్ వంకరగా కూర్చుంటే నాలుగు చక్రాలూ కొలిచే మెషీన్‌లో ఇట్టే తెలిసిపోతుంది.

చివరికి టార్చి పట్టుకుని నేనే కిందికి దూరాను. కుడివైపు కమాన్ కట్ట హౌసింగ్ మీద కూర్చునే చోట ఒక సన్నటి గీత తళతళా మెరుస్తోంది. చుట్టూ అంతా మట్టి, తుప్పు, అక్కడొక్కచోట మాత్రం గీకినట్టు తెల్లటి ఇనుము. యూ బోల్టు నట్ల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. టేపు తీసి రెండువైపులా కమాన్ ముందు బోల్టు నుంచి హౌసింగ్ దాకా కొలిస్తే దాదాపు వేలి మందం తేడా! విప్పించి చూస్తే కమాన్ పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు తల తెగిపోయి ఉంది. ఆ తల హౌసింగ్ మీద ఉండే రంధ్రంలో కూర్చుని హౌసింగ్ ఎక్కడుండాలో చూపిస్తుంది, అంతే. బలంగా పట్టుకోవాల్సింది యూ బోల్టులు. అవి లూజైతే భారమంతా ఆ చిన్న బోల్టు మీద పడి తెగుతుంది. కమాన్ పని చేశాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి వచ్చి యూ బోల్టులు మళ్లీ బిగించుకోవాలి, పాతవి వాడకూడదు. ఈ రెండు ముక్కలూ ఆ షెడ్డులో ఎవరూ చెప్పలేదు. పైగా వేసింది పాత యూ బోల్టులే.

టేపు కొలతలు సమానంగా వస్తే బుష్‌లు చూడండి. బండి నేల మీదే ఉండాలి, చక్రాలకి అడ్డు పెట్టాలి. ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపితే కమాన్ మీద బరువు పోయి లూజు కనపడదు. ఒకరిని వెనక తొట్టిని పక్కకి ఊపమని, మీరు షాకిల్ (కమాన్ చివరను ఛాసిస్‌కి కలిపే కదిలే లింకు) దగ్గర చూడండి. రబ్బరు కొద్దిగా సాగడం మామూలే, ఇనుము కదలడం కాదు. కాయిల్ స్ప్రింగులున్న పికప్ అయితే హౌసింగ్‌ని అడ్డంగా పట్టుకునే రాడ్ ఉంటుంది, దాని రెండు చివర్ల బుష్‌లు చూడాలి.

టైర్లు వదిలేయమని కాదు. గాలి తక్కువైనా, కారుకి వేసే మెత్తటి టైర్లు వేసినా, లోతైన గుబ్బలున్న మట్టి టైర్లు వేసినా వెనక ఇలాగే తేలిపోతుంది. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసినంత గాలి చల్లటి టైర్లలో పెట్టి చూడండి. చాలా బండ్లకి ఖాళీకి ఒక అంకె, లోడుకి ఒక అంకె ఉంటాయి. తర్వాత, నాలుగూ ఒకే సైజు అయితే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చండి. ఊపు స్టీరింగులోకి వచ్చిందంటే దోషం టైరుదే. టైరు పక్క భాగంలో ఎక్కడైనా ఉబ్బు కనిపిస్తే మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు, ఆ టైరు తీసేయండి.

ఇదంతా తేలేదాకా 70 దాటకండి. ఒకవేళ ఊపు మొదలైతే స్టీరింగ్‌ని అటూ ఇటూ తిప్పకుండా నేరుగా పట్టుకుని, మెల్లగా యాక్సిలరేటర్ వదలండి. బ్రేకు మీద ఒక్కసారిగా నిలబడితే బరువంతా ముందుకొచ్చి, అసలే సరిగా లేని వెనక చక్రాలకి ఉన్న కాస్త పట్టూ పోతుంది.