ఏ బ్రాండ్ కొనాలన్నది తర్వాత, ముందు ఇంట్లోంచి ఏవి తీసేయాలో చూడండి

మీరు అడిగింది ఇదీ: ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, నాలుగేళ్ల బాబుకి తరచూ వీజింగ్ వస్తోంది, వచ్చే నెల మీ ఆడపడుచు పురిటికి వస్తున్నారు. ఆర్గానిక్ క్లీనర్లు చూస్తే ధరలు మండిపోతున్నాయి, ఇంట్లో అన్నీ తయారు చేసుకునే తీరిక లేదు. ఏ కంపెనీవి కొనాలి, అత్తయ్య గారిని ఎలా ఒప్పించాలి అన్నారు.

నేను గుంటూరులో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. మా పాపకీ చిన్నప్పుడు వీజింగ్ ఉండేది, మా అత్తయ్య గారూ మాతోనే ఉంటారు. కాబట్టి మీ పరిస్థితి నాకు బాగా అర్థమవుతుంది. నా సలహా ఒక్కటే: కొత్త సీసాలు కొనే ముందు ఉన్నవాటిలో ప్రమాదకరమైనవి తీసేయండి. తీసేయడానికి డబ్బు అక్కర్లేదు, ఒక ఆదివారం పొద్దున సరిపోతుంది. ప్రమాదంలో పెద్ద భాగం అక్కడే తగ్గిపోతుంది.

పురుడు దగ్గర పడింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మన ఇళ్లలో పసిబిడ్డని చుట్టడానికి మెత్తగా ఉంటాయని బీరువాలోంచి పాత నూలు చీరలు, ట్రంకు పెట్టెలోంచి బొంతలు తీస్తాం. వాటి మడతల్లో నాఫ్తలీన్ ఉండలు వేసి ఉంటాయి. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతో తక్కువగా ఉన్న పిల్లలకి ఆ ఆవిరి తగిలినా ఎర్ర రక్తకణాలు పగిలిపోయి, కామెర్లు విపరీతంగా పెరుగుతాయి. అది మెదడుకి చేటు చేసేదాకా వెళ్లొచ్చు. ఈ లోపం ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తుంది, రక్తపరీక్ష చేస్తే తప్ప తెలియదు. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2008 నుంచే నాఫ్తలీన్ ఉండల అమ్మకం ఆపేశారు. మీ బీరువాలోవి ఇప్పుడే తీసేయండి. బిడ్డ కోసం పెట్టుకున్న బట్టల్ని ఉతికి, ఆ వాసన పూర్తిగా పోయేదాకా గాలికి ఆరబెట్టండి. ఒకసారి ఉతికాక కూడా వాసన వస్తుంటే వాటిని బిడ్డకి వాడొద్దు. పట్టుచీరల సంగతంటారా, మరకలూ చెమటా లేకుండా శుభ్రం చేయించి, నీడలో ఆరబెట్టి, నూలు గుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు తీసి గాలి తగలనిస్తే చాలు. మా అత్తయ్య గారి చీరలకి అదే చేస్తున్నాం.

పురిటింట్లో ఇంకొకటి, కర్పూరం. జలుబు చేసిందని గుడ్డలో కట్టి పిల్లల మెడలో వేస్తారు, ఛాతీకి రాస్తారు. పూజ గదిలో చేతికందే ఎత్తులో ఉంటుంది, చూడ్డానికి పటికబెల్లం ముక్కలా ఉంటుంది. చిన్న పిల్లలు కొంచెం మింగినా నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. నీలగిరి తైలం కూడా అంతే. మొక్కల నుంచి వచ్చిందనో, తరతరాలుగా వాడుతున్నామనో ఒక వస్తువుని పిల్లలకి మంచిదని అనుకోకూడదు. దోమల క్రీముల్లోనూ ఇదే విచిత్రం. డీట్ అనే రసాయనం ఉన్నవాటిని రెండు నెలలు దాటిన పిల్లలకి వాడొచ్చని అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. నిమ్మవాసన వచ్చే ఒక రకం యూకలిప్టస్ నుంచి తీసే దోమల మందుని మాత్రం మూడేళ్ల లోపు పిల్లలకి వద్దంటారు. అందుకే సీసా మీద 'నాచురల్' అన్న మాటకి అదనంగా డబ్బులు పెట్టకండి.

ఎలుకల పేస్టు ఇంట్లో ఉంటే ఇవాళే వదిలించుకోండి. పసుపు భాస్వరం ఉండే ఆ ట్యూబు టూత్‌పేస్టులాగే కనిపిస్తుంది. పొరపాటున నోట్లోకి వెళ్తే మొదటి ఒకటి రెండు రోజులు మనిషి బాగానే ఉన్నట్టు కనిపించి, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. దానికి విరుగుడు మందు లేదు. ఎలుకలకి బోను పెట్టండి, సింకు కింద పైపు చుట్టూ ఉన్న సందుల్ని సిమెంటుతో పూడ్పించండి. చీమల కోసం గీసే సుద్దముక్క కూడా పురుగుమందే, దాన్ని పిల్లలు బలపం అనుకుంటారు.

ఇక బాత్రూమ్. మీరు టైమ్ లేదన్నారు కాబట్టి ఆ పని బహుశా పనావిడే చేస్తుంటారు. ఆవిడ కోసం కూడా ఈ భాగం రాస్తున్నాను, ఎందుకంటే మనింట్లో మనం వారానికోసారి పీల్చేది ఆవిడ రోజూ నాలుగిళ్లలో పీలుస్తారు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ బాత్రూమ్ నేల మీద బ్లీచింగ్ పౌడర్ చల్లి, అది కడగకుండానే బండి మీద అమ్మే యాసిడ్ పోశారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. దగ్గుతూ, కళ్ల వెంట నీళ్లు కారుతూ, గోడ పట్టుకుని బయటికొచ్చి వరండాలో కూలబడిపోయారు. సాయంత్రం దాకా ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి ఉంచారు. బ్లీచింగ్ పౌడర్ మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పడితే క్లోరిన్ వాయువు వస్తుందని మా పిల్లలు పరీక్షలో సమీకరణం రాసి మార్కులు తెచ్చుకుంటారు. అదే చర్య చిన్న బాత్రూమ్‌లో జరిగితే ఇలా ఉంటుంది. షాపుల్లో దొరికే టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది కూడా ఆ ఆమ్లమే. కాబట్టి బ్లీచింగ్, టాయిలెట్ క్లీనర్ రెండూ ఒకే రోజు బయటికి తీయొద్దని పనావిడకి నేరుగా, స్పష్టంగా చెప్పండి. ఒక జత రబ్బరు గ్లోవ్స్ కొనివ్వండి. బండి మీది యాసిడ్ అసలు కొనకండి. దాని గాఢత ఎంతో సీసా మీద ఉండదు, పైగా పాత కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఇస్తారు. దాహమేసిన పిల్లాడికి అది కూల్‌డ్రింకే. ఫినాయిల్ కూడా అలా విడిగా కొనొద్దు. ఏదైనా సరే, వచ్చిన సీసాలోనే ఉండాలి.

బోరు నీళ్ల ఉప్పు మరకలకి మేం కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం వాడతాం. మగ్గు వేడినీళ్లలో రెండు చెంచాలు కరిగించి, కుళాయిలు, బకెట్లు, కమోడ్ మీద పోసి పావుగంట ఆగి రుద్దితే తెల్లటి పొర వదులుతుంది. ఇది కూడా ఆమ్లమే కాబట్టి బ్లీచింగ్‌తో కలపకూడదు. మీ ఇంట్లో తాండూరు బండలో, కడప రాయి గట్టో, మార్బులో ఉంటే వాటి మీద మాత్రం పోయొద్దు. అవి సున్నపురాయి జాతివి. ఒక మూల చుక్క వేసి చూడండి, సన్నగా బుడగలు వస్తే రాయి కరుగుతోందని అర్థం. మెరుపు పోతే మళ్లీ పాలిష్ పెట్టించాల్సిందే. వెనిగర్, నిమ్మరసం కూడా ఇంతే.

వంట సోడా, వెనిగర్ కలిపితే బుస్సున పొంగుతుంది, అదే గొప్ప క్లీనర్ అని వీడియోల్లో చూపిస్తుంటారు. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్. అది పోయాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. వంట సోడా విడిగా వాడండి, మాడిన గిన్నెలకి, ఫ్రిజ్ వాసనకి బాగా పనిచేస్తుంది.

నేల తుడవడానికి బకెట్ నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా చాలు, ఎక్కువైతే జారుతుంది. రోజూ క్రిములు చంపాల్సినంత అవసరం మామూలు ఇంట్లో ఉండదు. ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అప్పుడు బ్లీచ్ తీయండి, కిటికీలు తెరిచి, అదొక్కటే. యాంటీబాక్టీరియల్ అని రాసి ఉన్న సబ్బులకి ఎక్కువ పెట్టొద్దు. ట్రైక్లోసాన్‌తో కలిపి 19 క్రిమినాశక పదార్థాల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆ చేతి సబ్బుల్ని అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2016లో వద్దంది. మామూలు సబ్బు కన్నా అవి మెరుగని కంపెనీలు చూపించలేకపోయాయి.

బాబు వీజింగ్ దగ్గరికి వస్తే, క్లీనర్ బ్రాండ్ కన్నా గాలిలో తేలే వాటి మీదే నా దృష్టంతా ఉంటుంది. దోమల కాయిల్, అగరుబత్తి, సాంబ్రాణి, రూమ్ ఫ్రెషనర్, స్ప్రే. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత ఉంటుందని 2003లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. పేరూ ఊరూ లేని దోమల అగరుబత్తులు ఇంకా చేటు, వాటిలో ఏ మందు ఎంత కలిపారో తెలియదు. మన దేశంలో ఇంట్లో వాడే పురుగుమందులకి కూడా ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. డబ్బా మీద కోణంగా నిలబెట్టిన చతురస్రం గుర్తు ఉంటుంది, దాని కింది సగంలో రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. ఆ గుర్తే లేని పురుగుమందు కొనకండి.

అలాగని దోమల్ని వదిలేయమనడం లేదు, డెంగ్యూ చిన్న విషయం కాదు. కిటికీలకి మెష్ పెట్టించడం ఒక్కసారి ఖర్చు, ఈ మొత్తంలో మీరు డబ్బు పెట్టాల్సినది నిజానికి అదే. పసిబిడ్డకి దోమతెర. కూలర్, పూలకుండీల కింది పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే వారానికోసారి ఖాళీ చేసి రుద్దండి. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా సుమారు వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారం దాటనివ్వకపోతే చాలు. బొద్దింకలకి స్ప్రే బదులు జెల్ తెచ్చి, కబ్బోర్డు మూలల్లో, ఫ్రిజ్ వెనక బియ్యపు గింజంత చుక్కలు పెట్టండి. గాలిలోకి రాదు, పిల్లల చెయ్యి అందదు.

అత్తయ్య గారి విషయం. మా ఇంట్లో ధూపం మానేయమని నేను అడగలేదు, అడిగి ఉంటే ఆవిడ మనసు కష్టపెట్టుకునేవారు. పాపని పరీక్షకి తీసుకెళ్లినప్పుడు ఆవిడని కూడా వెంట తీసుకెళ్లాం. పొగ తగిలితే ఊపిరి గొట్టాలు ఎలా బిగుసుకుంటాయో డాక్టరు గారు బొమ్మ గీసి చూపించారు. ఇంటికొచ్చాక ఆవిడే "దీపం ఉంటే చాలదా అమ్మా దేవుడికి?" అన్నారు. ఇప్పుడు ఇంట్లో నువ్వుల నూనె దీపం, అగరుబత్తి మాత్రం బాల్కనీలో తులసికోట దగ్గర. సాంబ్రాణి పండగలకే, అదీ పాప బయట ఆడుకునే వేళ. పురిటిబిడ్డకి స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయడం మీ ఇంట్లో ఉంటే దాని గురించి ఇప్పుడే, బిడ్డ పుట్టకముందే మాట్లాడుకోండి. ఆ హడావిడిలో, బంధువుల మధ్య చెప్పడం ఎవరికైనా కష్టం.

ఇన్ని చేసినా ఎవరైనా ఏదైనా మింగితే, ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం అస్సలు చేయొద్దు. యాసిడ్, డ్రెయిన్ క్లీనర్ లాంటివి లోపలికి వెళ్తూ ఒకసారి, పైకి వస్తూ ఇంకోసారి గొంతుని కాలుస్తాయి. కళ్లలో పడితే కుళాయి కింద కనీసం పావుగంట కడగండి. 108కి ఫోన్ చేసి, ఆ సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో విష సమాచార కేంద్రం ఉంది, టోల్ ఫ్రీ నంబరు 1800 116 117. ఫ్రిజ్ మీద అంటించి ఉంచండి.

చివర్లో నాన్‌స్టిక్ గురించి అడిగారు. దాని పూత 260 డిగ్రీలు దాటితే చెడి పొగలు వదులుతుంది. ఖాళీ పాన్ పెద్ద మంట మీద పెడితే కొద్ది నిమిషాల్లోనే అంత వేడెక్కుతుంది. మధ్యస్థం మంట మీద, ఏదో ఒకటి వేసి వాడితే కంగారు పడాల్సింది లేదు. పూత లేచిపోతే మార్చేయండి. దానికన్నా కర్రీ పాయింట్ నుంచి కాగుతున్న సాంబారు ప్లాస్టిక్ కవర్లో తెచ్చుకోవడం మానండి, స్టీలు క్యారియర్ ఇస్తే వాళ్లే అందులో పోసిస్తారు. మా ఇంట్లో ఆమ్లెట్‌కి ఒక నాన్‌స్టిక్ ఉంది, దోసెలకి ఇనప పెనమే. అలాంటి పాత పెనం మీ అత్తయ్య గారి దగ్గర ఉండే ఉంటుంది, ఒకసారి అడిగి చూడండి.